పిల్లల ఆకలి తీర్చే సేవ: పుట్టినరోజు బిర్యానీకీ రోజువారీ పప్పుకీ మధ్య

పిల్లలకు అన్నం పెట్టే సంస్థల్లో వాలంటీర్లుగా చేరేవారికి మొదట ఎదురయ్యేది గందరగోళమే. బడిలో మధ్యాహ్న భోజనం ఉంది. అంగన్‌వాడీలో గుడ్డూ పాలూ ఉన్నాయి. చౌక దుకాణంలో బియ్యం ఉన్నాయి. అయినా పిల్లలు చిక్కిపోయే ఉన్నారు. కోనసీమ లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవారికీ పొయ్యి వెలిగించి వండిపెట్టిన డొక్కా సీతమ్మ (1841–1909) పేరే ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజనానికి ఉంది. అన్నదానం తెలుగువారికి కొత్త కాదు. అయితే ఒక పూట అతిథికి పెట్టే భోజనం వేరు, ఎదిగే పిల్లకు ఏడాది పొడవునా అందాల్సిన భోజనం వేరు. రెండో దానికి కొలత, వేళ, వరస కావాలి. స్వచ్ఛంద సేవ ఎక్కడ అక్కరకొస్తుందో, ఎక్కడ శ్రమ వృథా అవుతుందో ఈ మూడింటిని బట్టి తెలుస్తుంది.

క్లుప్తంగా

ప్రభుత్వ పథకాలు అన్నం పెడుతున్నాయి. లోటు ఎక్కువగా పప్పులో, గుడ్డులో, సెలవు రోజుల్లో, రెండేళ్లలోపు పిల్లల విషయంలో ఉంది. విందుల్లో మిగిలిన ఆహారం పిల్లలకు చేర్చడం అన్నిటికన్నా ప్రమాదకరమైన సేవ, గడియారం చూసుకోకుండా చేయకూడదు. బాగా చిక్కిపోయిన బిడ్డకు కడుపునిండా పెట్టడం హాని చేయవచ్చు. వాలంటీరు గరిటె పట్టడం కన్నా త్రాసు, థర్మామీటరు, రిజిస్టరు పట్టడం వల్ల ఎక్కువ మేలు జరుగుతుంది.

ఆకలి ఎక్కడ కనిపిస్తుంది, ఎక్కడ కనిపించదు

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. ఎత్తుకు తగ్గ బరువు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 16.1 శాతం, తెలంగాణలో 21.7 శాతం. రక్తహీనత ఇంకా విస్తారం: ఆంధ్రలో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం.

ఈ మూడు లెక్కలూ మూడు వేర్వేరు సంగతులు చెబుతాయి. ఎత్తు తగ్గడం ఏళ్ల తరబడి సాగిన లోటుకు గుర్తు. బరువు పడిపోవడం ఇటీవలి ఆకలికి, విరేచనాలకు, జ్వరానికి గుర్తు. రక్తహీనత కడుపు నిండినా వస్తుంది, ఎందుకంటే కంచంలో అన్నం ఉన్నా ఇనుము ఉండదు. ఒక్క అన్నం పొట్లంతో మూడూ తీరవు.

ఎదుగుదలకు పడే దెబ్బలో ఎక్కువ భాగం తల్లి గర్భం మొదలుకొని రెండో పుట్టినరోజు లోపే, సుమారు 1,000 రోజుల్లో పడుతుంది. ఆ తర్వాత పోయిన ఎత్తును రాబట్టడం కష్టం. దేశంలో 6 నుంచి 23 నెలల పిల్లల్లో తగినంత ఆహారం అందుతున్నవారు 11.3 శాతమేనని అదే సర్వే చెప్పింది. దాతల భోజనం మాత్రం ఎక్కువగా బడి ఈడు పిల్లలకు, హాస్టళ్లకు, ఆశ్రమాలకు వెళుతుంది. అక్కడ పిల్లలు ఒకచోట వరసగా కూర్చుని ఉంటారు, వడ్డించడం సులువు. ఏడాది బిడ్డ మాత్రం ఎక్కడో ఒక ఇంట్లో, కూలికి వెళ్లిన తల్లి కోసం ఎదురుచూస్తూ అవ్వ ఒళ్లో ఉంటుంది. ఆ బిడ్డ దగ్గరికి వ్యాను వెళ్లదు.

బడి భోజనం: కొలతలు ఏం చెబుతున్నాయి

ఉచిత బడి భోజనం ఆలోచన మద్రాసు నగరపాలక సంస్థ బడుల్లో 1920ల నాటిది. 1982లో తమిళనాడు దాన్ని రాష్ట్రమంతటా భారీగా విస్తరించింది. కేంద్ర పథకం 1995 ఆగస్టు 15న మొదలైనా చాలా రాష్ట్రాలు వండిన అన్నానికి బదులు బియ్యమే ఇచ్చి ఊరుకున్నాయి. వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించాకే పరిస్థితి మారింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో వంట మొదలైంది. 2013 ఆహార భద్రత చట్టంతో అది పిల్లల హక్కయింది.

కొలతలు స్పష్టంగానే ఉన్నాయి. ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు 150, 30, 75, 7.5 గ్రాములు. లక్ష్యం చిన్నవారికి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు. పెద్దవారికి 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు.

ఇందులో అసలు కీలకం పప్పు. 100 గ్రాముల బియ్యం సుమారు 350 కేలరీలు, 7 గ్రాముల మాంసకృత్తులు ఇస్తుంది. 20 గ్రాముల కందిపప్పు నుంచి మరో 4 గ్రాములకు పైగా వస్తాయి. మిగతా కొంచెం కూరగాయలు తెస్తాయి. పప్పు సగానికి తగ్గిస్తే కేలరీల్లో పెద్ద తేడా రాదు, అన్నం కాస్త ఎక్కువ పెడితే కడుపూ నిండుతుంది. పడిపోయేది మాంసకృత్తుల లెక్క, అది కంటికి కనిపించదు. పసుపు, చింతపండు పడిన పలచని పప్పు దూరం నుంచి చిక్కని పప్పులాగే ఉంటుంది.

గుడ్డు విలువ ఇక్కడే తెలుస్తుంది. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి, అంటే ప్రాథమిక పిల్ల బడిపూట అవసరంలో సగం. పైగా గుడ్డును నీళ్లు పోసి పెంచలేరు, లెక్కపెట్టవచ్చు. ఆంధ్రప్రదేశ్ వారానికి 5, తెలంగాణ 3 గుడ్లు పెట్టాలని నిర్ణయించుకోవడానికి పోషణ ఎంత కారణమో, ఈ లెక్కతేలే గుణమూ అంతే కారణంగా చూడవచ్చు.

పప్పు ఎందుకు పలచబడుతుంది

120 మంది చిన్నపిల్లలున్న ఒక ప్రాథమిక బడిని తీసుకుందాం. రోజుకు 12 కిలోల బియ్యం, 2.4 కిలోల పప్పు, 6 కిలోల కూరగాయలు, 600 గ్రాముల నూనె కావాలి. బియ్యం ప్రభుత్వం నుంచి విడిగా వస్తాయి. మిగతా సరుకులకూ వంట ఖర్చుకూ 2025 మే నుంచి ప్రాథమిక పిల్లకు రోజుకు 6.78 రూపాయలు, పై తరగతులకు 10.17 రూపాయలు కేంద్రం నిర్ణయించిన ధర. 120 మందికి రోజుకు సుమారు 814 రూపాయలు, 22 పనిదినాల నెలకు దాదాపు 17,900 రూపాయలు.

ఈ డబ్బు ముందుగా చేతికి రాదు. తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల వంట ఏజెన్సీ అంటే పొదుపు సంఘంలోని ముగ్గురు నలుగురు మహిళలు. వాళ్లు కిరాణా కొట్లో ఖాతా పెట్టి సరుకు తెస్తారు, బిల్లు పెట్టుకుంటారు, డబ్బు ఎప్పుడొస్తుందా అని చూస్తారు. నిబంధన ప్రకారం 120 మందికి ముగ్గురు వంటవారు, నెలకు ఒక్కొక్కరి గౌరవ వేతనం 3,000 రూపాయలు. బిల్లు మూడు నెలలు ఆగితే ముగ్గురి మొత్తం వేతనం నెలకు 9,000 ఉన్నచోట 53,000కు పైగా అప్పు నిలుస్తుంది. కొట్టువాడు అరువు ఆపుతాడు, లేదా ధర పెంచి నాసిరకం ఇస్తాడు. అప్పుడు మొదట తగ్గేది కందిపప్పు, తర్వాత నూనె, తర్వాత కూరగాయలు. ఉడకడానికి గంట పట్టే పప్పును తగ్గిస్తే గ్యాసు కూడా మిగులుతుంది. దీన్ని వంటవారి నిజాయితీ సమస్యగా చూడటం తొందరపాటు.

అందుకే ఇలాంటి బడికి స్వచ్ఛంద సంస్థ చేయగల గట్టి సాయం ఏడాదికోసారి విందు పెట్టడం కన్నా ఒక నెల సరుకుకు సరిపడా 18,000 రూపాయల నిధిని తిరుగుడు పెట్టుబడిగా ఉంచడం. వడ్డీ లేకుండా ఏజెన్సీకి ఇచ్చి, బిల్లు రాగానే వెనక్కి తీసుకుని, మళ్లీ ఇవ్వాలి. బడి యాజమాన్య కమిటీ తీర్మానం, సంతకాలున్న పుస్తకం తప్పనిసరి. బిల్లు ఎన్ని రోజులు ఆగిందో అదే పుస్తకంలో రాస్తే అధికారులను అడగడానికి ఆధారమూ అవుతుంది.

బడికి వెళ్లే వాలంటీరు చేయదగిన పనులు ఇంకా ఉన్నాయి. గిన్నెలో పడకముందే పప్పును 5 కిలోల త్రాసుతో తూచి, ఆనాటి హాజరును 20 గ్రాములతో హెచ్చించి సరిచూడటం మొదటిది. వడ్డించే ముందు ఉపాధ్యాయులు, పెద్దలు రుచి చూసి రిజిస్టరులో సంతకం చేయాలన్న నియమం నడుస్తోందో లేదో గమనించడం రెండోది. ఈ నియమం ఎంత అవసరమో ఒక విషాదం చెబుతుంది: 2013 జూలై 16న బిహార్‌లోని సారణ్ జిల్లాలో పురుగుమందు కలిసిన నూనెతో వండిన బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. నూనె డబ్బా, ఫినాయిలు, పురుగుమందు ఒకే గదిలో ఉంటే ఆ రోజే వేరు చేయించాలి. వంటగది తరగతి గదికి ఆనుకుని, గడ్డికప్పు కింద ఉంటే అదీ రాయాలి. 2004 జూలై 16న తమిళనాడు కుంభకోణంలో 94 మంది పిల్లలను బలిగొన్న మంట బడి వంటగదిలోనే మొదలైంది.

చేతులు కడిగించడం చిన్న సంగతిలా కనిపిస్తుంది కానీ లెక్క వేస్తే వేరు. 120 మందికి ఒకే కుళాయి, ఒక్కొక్కరికి అర నిమిషం అంటే గంట. భోజన విరామమే అంతసేపు ఉండదు, కాబట్టి ఎవరూ కడుక్కోరు. ఒక పీవీసీ గొట్టానికి 10 కుళాయిలు బిగిస్తే ఆరు నిమిషాల్లో అయిపోతుంది. ఇద్దరు వాలంటీర్లు ఒక శనివారం చేయగల పని ఇది, ఫలితం మాత్రం ఏళ్లపాటు ఉంటుంది.

బలవర్ధక బియ్యం గురించీ ఒక మాట చెప్పాలి. ఇటీవలి సంవత్సరాల్లో పథకాలకు పంపిణీ అయిన బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపిన పిండితో ఒత్తి చేసిన గింజలను కిలోకు 10 గ్రాముల చొప్పున కలిపారు. అవి రంగులో కాస్త తేడాగా ఉండి, కొన్ని నీళ్లలో తేలేసరికి ప్లాస్టిక్ బియ్యమన్న పుకారు ఊళ్లలో పుట్టింది. వాటిని ఏరి పారేస్తే పోయేది పోషకమే. గంజి వార్చినా కొంత పోతుంది.

పథకాన్ని ఊరివాళ్లే పరిశీలించే సామాజిక తనిఖీకి తెలుగు నేలతో సంబంధముంది. మధ్యాహ్న భోజనంపై దాన్ని 2012–13లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం, చిత్తూరు జిల్లాల్లో ప్రయోగాత్మకంగా చేశారు. చదువుకున్న వాలంటీర్లకు ఇది సరైన పని.

పెద్ద వంటశాలల్లో వాలంటీరు పాత్ర

2000లో బెంగళూరులో 1,500 మంది పిల్లలతో మొదలైన, బడులకు భోజనం వండి పంపే అక్షయపాత్ర సంస్థకు ఇప్పుడు హైదరాబాద్, విశాఖపట్నం, మంగళగిరి ప్రాంతాల్లోనూ కేంద్ర వంటశాలలున్నాయి. ఆవిరితో వండే భారీ గంగాళాలు, కూరగాయలు తరిగే యంత్రాలు, మూత బిగించే స్టీలు డబ్బాలు ఇక్కడి పద్ధతి. 20,000 మంది చిన్నపిల్లలకు రోజుకు 2 టన్నుల బియ్యం, టన్ను కూరగాయలు కావాలి. శిక్షణ లేని చేతులు ఆవిరి గొట్టాల దగ్గర ఉండకూడదు కాబట్టి వచ్చినవారిని కూరగాయలు ఏరడానికో డబ్బాలు తుడవడానికో పంపుతారు. అది చిన్నచూపు కాదు, భద్రత.

ఊరి బడి వంటకూ దీనికీ అసలు తేడా సమయంలో ఉంది. బడిలో 11 గంటలకు దించిన అన్నం 12.30కు తింటారు. కేంద్ర వంటశాలలో తెల్లవారకముందే వంట మొదలై, వ్యాన్లు ఉదయాన్నే బయలుదేరితే తినేసరికి నాలుగైదు గంటలు గడుస్తాయి. శుభ్రత, తూకం ఇక్కడ మెరుగ్గా ఉంటాయి, వేడి నిలపడం కష్టం. కాబట్టి వాలంటీరుకు తగిన చోటు చివరి బడి. వ్యాను ఆఖరున ఆగే బడిలో డబ్బా మూత తీయగానే గుచ్చి చూసే థర్మామీటరుతో మధ్యభాగం వేడి కొలవాలి. అది 60 డిగ్రీల కన్నా తక్కువ ఉంటే వ్యాను తిరిగే దారి మార్చాల్సిందే. తిన్నాక పారేసిన సాంబారును, అన్నాన్ని వేర్వేరుగా తూచి రాస్తే పిల్లలు దేన్ని తినడం లేదో తెలుస్తుంది. కాగితం మీద 450 కేలరీలున్నా చెత్తబుట్టలో పడ్డవి పిల్లలకు చేరినట్టు కాదు.

మిగిలిన విందు: గడియారంతో పందెం

ఫంక్షన్ హాళ్లలో మిగిలిన భోజనాన్ని అనాథాశ్రమాలకు చేర్చే బృందాలు హైదరాబాద్, విజయవాడ, విశాఖ వంటి చోట్ల పనిచేస్తున్నాయి. ఉద్దేశం గొప్పది, ప్రమాదమూ పెద్దదే. అది ఎలా జరుగుతుందో చూద్దాం.

వంట ఉదయం 9.30కు పూర్తవుతుంది. బంతులు 12.30 నుంచి 3 దాకా సాగుతాయి. 3.30కు ఫోను వస్తుంది. 4.30కు బండి చేరుతుంది. ఆశ్రమంలో పిల్లలు తినేది రాత్రి 7.30కు. వండినప్పటి నుంచి 10 గంటలు. ఆహారంలో సూక్ష్మజీవులు పెరిగే వేడి 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంటుంది, ఈ 10 గంటల్లో ఎక్కువ భాగం అన్నం అక్కడే ఉంటుంది. అనువైన వేడిలో సూక్ష్మజీవులు అరగంటకోసారి రెట్టింపయితే నాలుగు గంటల్లో 256 రెట్లవుతాయి, 10 గంటల్లో పది లక్షల రెట్లు దాటుతాయి.

"మళ్లీ మరిగిస్తే పోతుంది కదా" అనేది చాలామంది నమ్మే మాట. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి విత్తనాలు (స్పోర్లు) మొదటి ఉడుకులో చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్నప్పుడు అవి మొలకెత్తి విషాన్ని వదులుతాయి, ఆ విషం మరిగించినా చెడదు. వడ్డించేవారి చేతి పుండ్ల నుంచి, ముక్కు నుంచి వచ్చే స్టెఫలోకోకస్ అనే సూక్ష్మజీవి విషమూ అంతే. పెద్దవారికి రెండు వాంతులతో పోయేది పిల్లలకు నీరసంతో ఆసుపత్రి దాకా వెళుతుంది, ఎందుకంటే చిన్న ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది.

ఫోను ఎత్తిన వాలంటీరు మొదట అడగాల్సింది ఎంత మిగిలిందని కాదు, ఎప్పుడు వండారని. రెండో ప్రశ్న, అది వంటశాలలో మూత తీయని గిన్నెదా, బఫే బల్లమీదదా. బల్లమీదది తీసుకోకూడదు. పెరుగు పచ్చడి, కొబ్బరి చట్నీ, కోసిన పళ్లు, క్రీము మిఠాయిలు, పాల పాయసం, మాంసం, గుడ్ల కూరలు వేడి చెక్కుచెదరకుండా ఉంటే తప్ప వద్దు. పులిహోరలో చింతపండు పులుపు కొంత కాపాడుతుంది, అందుకే అది ప్రయాణాల్లోకీ ప్రసాదంలోకీ వచ్చింది. కానీ పులుపు తక్కువైన పులిహోరకు ఆ రక్షణ ఉండదు.

తీసుకున్న ఆహారం వేడిగానైనా ఉండాలి, చల్లగానైనా ఉండాలి. గోరువెచ్చగా ఉండకూడదు. వేడిగా చేర్చాలంటే మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా, చుట్టూ దుప్పటి లేదా థర్మాకోల్, గంటలోపు వడ్డన కావాలి. చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలంటే 20 కిలోల అన్నం ఒకే డేగిసాలో ఉంటే లోపలి భాగం గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. రెండంగుళాల మందం మించకుండా పళ్లేల్లో పరచాలి. ప్రతి సరుకులో కొంచెం ఒక శుభ్రమైన డబ్బాలో తీసి, తేదీ, వేళ రాసి ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచాలి. ఎవరికైనా వాంతులైతే కారణం తెలుసుకోవడానికి అదొక్కటే ఆధారం. మిగులు ఆహార సేకరణ, పంపిణీపై కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019లో నిబంధనలు తెచ్చింది. ఈ పనిచేసే సంస్థలు నమోదై ఉండాలి, రికార్డు ఉంచాలి.

ఇంకో చిక్కు ముహూర్తాలది. మాఘ, ఫాల్గుణ, వైశాఖ, శ్రావణాల్లో ఒకే రోజు పది హాళ్ల నుంచి ఫోన్లు వస్తాయి. ఆషాఢం, మూఢం వస్తే ఒక్కటీ రాదు. పిల్లల ఆకలికి పంచాంగంతో పనిలేదు కాబట్టి ఏ ఆశ్రమమూ మిగులు విందు మీద ఆధారపడి రాత్రి వంట మానుకోకూడదు.

ఆశ్రమాల్లో పుట్టినరోజులు

పిల్లల వసతి గృహాల్లో ఆదివారం మధ్యాహ్నానికి దాతలు ముందే పేర్లు రాయించుకుంటారు. మంగళవారం పొద్దున టిఫినుకు ఎవరూ అడగరు. ప్లేటు 150 రూపాయలనుకుంటే 40 మంది పిల్లలకు ఒక పూట బిర్యానీ 6,000 రూపాయలు. గుడ్డు 7 రూపాయలనుకుంటే అదే డబ్బుతో 40 మందికి 21 రోజులపాటు రోజుకో గుడ్డు వస్తుంది. పిల్లలకు పండగ భోజనం వద్దని దీని అర్థం కాదు, వారానికి మూడు పండగలు వద్దని. వార్డెన్‌ను అడిగితే కావలసినవి చెబుతారు: కందిపప్పు, నూనె, గ్యాసు సిలిండరు, సబ్బులు, ఆడపిల్లలకు ప్యాడ్లు.

ఫోటోల విషయంలో చట్టం కఠినంగా ఉంది. 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షను సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపును, ఫోటోను బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కేకు కోస్తూ పిల్లలతో దిగిన ఫోటోను సోషల్ మీడియాలో పెట్టేవారికి ఈ సంగతి తెలియకపోవచ్చు, సంస్థ ముందే చెప్పి తీరాలి. నమోదు పత్రం చూపించలేని, వాలంటీరు వివరాలు అడగకుండానే పిల్లల గదుల్లోకి పంపే గృహం విషయంలో జాగ్రత్తపడాలి.

బాగా చిక్కిపోయిన బిడ్డ ఎదురైతే

బస్తీల్లో, తండాల్లో తిరిగే వాలంటీర్లకు ఈ పరిస్థితి తప్పక వస్తుంది. 6 నుంచి 59 నెలల పిల్లలకు రంగుల టేపుతో ఎడమ చేయి కొలుస్తారు. భుజం కొనకూ మోచేతికీ సరిగ్గా మధ్యన, చేయి వదులుగా వేలాడుతుండగా, టేపు బిగించకుండా కొలవాలి. 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే తీవ్ర లోటు, 11.5 నుంచి 12.5 మధ్య ఉంటే మధ్యస్థం. రెండు పాదాల మీద బొటనవేలితో మూడు సెకన్లు నొక్కితే గుంట నిలిచిపోతే చేతి కొలతతో పనిలేదు, నేరుగా ఆసుపత్రికి పంపాలి.

అలాంటి బిడ్డను చూడగానే నెయ్యి వేసిన పప్పన్నం కడుపునిండా పెట్టాలనిపించడం సహజం. కానీ చాలాకాలం పస్తున్న శరీరం లోపలి లవణాలను ఖర్చుచేసుకుని ఉంటుంది. ఒక్కసారిగా ఎక్కువ ఆహారం పడితే రక్తంలోని పొటాషియం, ఫాస్ఫేటు కణాల్లోకి పోయి గుండె లయ తప్పవచ్చు. అందుకే పౌష్టికాహార పునరావాస కేంద్రాల్లో మొదట 100 మిల్లీలీటర్లకు 75 కేలరీలుండే పాలమిశ్రమాన్ని రెండు మూడు గంటలకోసారి కొద్దికొద్దిగా ఇస్తారు. వాలంటీరు పని బిడ్డను, తల్లిని అంగన్‌వాడీ టీచరుతో కలిపి అక్కడికి చేర్చడం. తల్లికి ఆ రోజుల కూలి పోతుంది, ఇంట్లో ఇంకో బిడ్డ ఉంటాడు. చాలామంది మధ్యలో వెళ్లిపోవడానికి కారణం ఇదే. ఇంట్లో ఉండిపోయిన ఆ రెండో బిడ్డకు రెండు వారాలు భోజనం చూసుకుంటే చికిత్స పూర్తవుతుంది. అన్నం పెట్టడం ఇక్కడ నిజంగా ప్రాణం నిలుపుతుంది.

లోటు అంత తీవ్రంగా లేని చంటిపిల్లలకు తిండి చిక్కదనం ముఖ్యం. బిడ్డ కడుపులో ఒకసారికి పట్టేది కిలో బరువుకు సుమారు 30 గ్రాములు. 8 కిలోల బిడ్డకు 240 గ్రాములు. ఆ చోటంతా చారన్నంతో నిండితే నీళ్లే ఎక్కువ. అదే ముద్దలో మెత్తని పప్పు, ఒక చెంచా నూనె లేదా నెయ్యి, సగం గుడ్డు కలిస్తే బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం అనే పోషకాహార పొడి నెలకు 2.5 కిలోలు, అంటే రోజుకు 100 గ్రాముల చొప్పున ఒక్క బిడ్డకు 25 రోజులు. ఇంట్లో ముగ్గురు పిల్లలు పంచుకుంటే పదిరోజుల్లోపే అయిపోతుంది. ఇంటికి వెళ్లి ప్యాకెట్ ఎన్నాళ్లు వచ్చిందని అడగడం పెద్ద సర్వే కన్నా ఎక్కువ చెబుతుంది.

విదేశాల నుంచి

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు తెలిసిన పద్ధతి పొట్లాలు కట్టడం. 1987లో మిన్నెసోటాలో మొదలైన ఫీడ్ మై స్టార్వింగ్ చిల్డ్రన్ వంటి సంస్థల్లో టోపీలు పెట్టుకుని బియ్యం, సోయా, ఎండు కూరగాయలు, విటమిన్ల పొడి కొలిచి ఒక్కో సంచిలో ఆరు భోజనాలు నింపుతారు. పెట్టెకు 36 సంచులు, 216 భోజనాలు. పొడి సరుకు కాబట్టి చెడిపోదు, పిల్లలూ పెద్దలూ కలిసి చేయవచ్చు. ఇది హైతీ వంటి చోట్ల వంటకు పనికొస్తుంది. బియ్యం పండే తెలుగు జిల్లాలకు సముద్రాల అవతలి నుంచి బియ్యం అక్కర్లేదు, ఇక్కడికి డబ్బు రూపంలో పంపడమే సమంజసం.

డబ్బు పంపేటప్పుడు పాస్‌పోర్టు చూసుకోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. ఓసీఐ కార్డున్న అమెరికా పౌరుడు పంపేది వస్తుంది. అప్పుడు తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ అందుకున్న విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. ఊళ్లోని చిన్న సంఘానికి పెద్ద సంస్థ ద్వారా పంపించే పాత దారి మూసుకుపోయింది.

సెలవుల లోటు

ఏడాదిలో బడి నడిచేది సుమారు 230 రోజులు. మిగిలిన 135 రోజులు బడి భోజనం లేదు. వేసవి సెలవులు సాధారణంగా ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు, ఏకబిగిన 49 రోజులు. కరవు ప్రాంతాల్లో వేసవిలోనూ భోజనం పెట్టాలని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు చెప్పింది, అన్నిచోట్లా అన్ని ఏళ్లూ అది జరగదు. ఇక ఇటుక బట్టీల్లో పనిచేసే వలస కుటుంబాల పిల్లలకు బడి తెరిచినా మూసినా ఒకటే. ఒడిశాలోని బలాంగీర్, నువాపడా వైపు నుంచి తెలంగాణ బట్టీలకు వచ్చినవారి పిల్లల పేర్లు ఇక్కడి రిజిస్టరులో ఉండవు, అక్కడి అంగన్‌వాడీకి వాళ్లు అందుబాటులో ఉండరు. సంస్థలు వెతకాల్సిన పిల్లలు మొదట వీళ్లే. ఒడియా మాట్లాడే ఒక్క వాలంటీరు దొరికితే సగం పని అయినట్టే.

40 మంది పిల్లలకు బడి కొలతతోనే ఒక పూట వండితే 49 రోజులకు 196 కిలోల బియ్యం, 39 కిలోల కందిపప్పు, 10 కిలోల నూనె, రోజుకో గుడ్డు చొప్పున 1,960 గుడ్లు కావాలి. వంట ఆ బడి ఏజెన్సీ మహిళలకే కూలి ఇచ్చి చేయించడం మేలు. వాళ్లకు కొలత తెలుసు, సెలవుల్లో వాళ్లకూ పని ఉండదు. ఎండ 32 డిగ్రీలు దాటితే వండిన ఆహారాన్ని బయట ఉంచే గడువు గంటే. మే నెలలో 11 గంటలకు దించి 11.30కల్లా పెట్టేయాలి. వాలంటీర్ల హాజరు మొదటి వారం నిండుగా ఉండి మూడో వారానికి పలచబడుతుంది, కాబట్టి రోజుకు ఇద్దరి పేర్లు చొప్పున 98 గడుల పట్టీ మార్చిలోనే రాసుకోవాలి. ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, జూన్ 12 తర్వాతి వారంలో ఒకసారి అదే త్రాసు మీద పిల్లలందరి బరువు తూచి రాయాలి. రెండో ఏడాదికి విరాళం అడగడానికి వెళ్లినప్పుడు దాతకు చూపించాల్సిన కాగితం అదే.